మీకు తెలుసా? మెషీన్‌కు అంకె, మనిషికి మాట

జనగామ బస్టాండు ముందు టీ తాగి, పది రూపాయలు ఫోన్‌తో కొట్టారనుకోండి. ‘మీ ఖాతాలో సరిపడా డబ్బు లేదు’ అని తెర మీద చక్కటి తెలుగులో వచ్చింది. ఆ మాట మీ బ్యాంకు అనలేదు! బ్యాంకు పంపింది రెండే రెండు గుర్తులు: జెడ్9. పిన్ తప్పు కొడితే వచ్చేది జెడ్‌ఎం. యూ16 అంటే లావాదేవీ రిస్కు హద్దు దాటిందని, యూ30 అంటే ఖాతాలోంచి డబ్బు తీయడం కుదరలేదని. 2016 ఏప్రిల్ 11న యూపీఐని మొదలుపెట్టిన ఎన్‌పీసీఐ ఈ కోడ్‌ల పట్టిక తయారుచేసి బ్యాంకులకూ యాప్‌లకూ ఇస్తుంది. దాన్ని తెలుగు చేసేది మీ జేబులో ఉన్న యాప్. ఒకే జెడ్9కు ఒక యాప్‌లో ఒక మాట, పక్కవాడి యాప్‌లో ఇంకో మాట కనిపించడానికి కారణం అదే.

యాప్ అడగడం, ఎక్కడో ఉన్న సర్వర్ జవాబివ్వడం, ఈ ఇచ్చిపుచ్చుకోవడానికి పెట్టుకున్న కట్టుబాటునే ఏపీఐ అంటారు. సర్వర్ ‘సరే’ అన్నంతసేపు ఎవరికీ భాష గుర్తుకురాదు. ‘కుదరదు’ అన్నప్పుడే వస్తుంది చిక్కంతా. ఎవరి భాషలో అనాలి? సర్వరే అనాలా, యాప్ అనాలా? ఈసారి కాలమ్ ఆ ‘కుదరదు’ చుట్టూనే.

ఏటీఎం ఎప్పుడో నేర్చుకుంది

భూపాలపల్లిలో సింగరేణి కార్మికుడు జీతం రోజున ఏటీఎంలో కార్డు పెట్టగానే అది ముందు ‘ఏ భాష?’ అని అడుగుతుంది. తెలుగు నొక్కుతాడు. ఆ సంగతి బ్యాంకు సర్వర్‌కు తెలియాల్సిన పనే లేదు. డబ్బు చాలకపోతే అక్కడి నుంచి వచ్చే జవాబు ‘51’. పిన్ తప్పయితే ‘55’. కార్డు గడువు తీరితే ‘54’. కార్డు ఇచ్చిన బ్యాంకు సిస్టమే పలకకపోతే ‘91’. ఐఎస్‌ఓ 8583 అనే ప్రమాణం 1987 నుంచి నడిపిస్తున్న అంకెలివి. టోక్యోలోనైనా భూపాలపల్లిలోనైనా 51 అంటే 51. మాట మాత్రం ఏ ఊరి మెషీన్‌లో ఆ ఊరిది. బహుభాషా ఏపీఐ అని ఇవాళ పెద్ద పేరు పెట్టి మాట్లాడుకునే దాంట్లో సగం ఇక్కడే ఉంది.

అలహాబాద్ కుర్రాడు పెట్టిన మూడంకెలు

వెబ్‌లో పేజీ దొరక్కపోతే కనిపించే 404కు తాతముత్తాతలు ఎవరో తెలుసా? ఇంటర్నెట్‌కు ముందున్న ఆర్పానెట్‌లో ఫైళ్లు పంపుకునే ఎఫ్‌టీపీ. దాన్ని 1971లో రాసినవాడు అభయ్ భూషణ్. పుట్టింది అలహాబాద్‌లో, చదివింది ఐఐటీ కాన్పూర్ మొదటి బ్యాచ్‌లో. 1972లో ఆయన రాసిన ఆర్‌ఎఫ్‌సీ 354 అనే పత్రంలో సర్వర్ జవాబుకు ఒక రూపం కుదిరింది: ముందు మూడంకెల కోడ్, పక్కన ఒక మాట. కోడ్ ప్రోగ్రామ్ కోసం, మాట మనిషి కోసం. తర్వాత ఈమెయిలూ అదే దారి పట్టింది, వెబ్బూ అదే దారి పట్టింది.

తమాషా ఏమిటంటే, ఆ పక్కనున్న ఇంగ్లీషు మాటకు ఇప్పుడు దిక్కులేదు. ‘404 నాట్ ఫౌండ్’లో ‘నాట్ ఫౌండ్’ అన్న ముక్కను 2015లో వచ్చిన హెచ్‌టీటీపీ/2 పూర్తిగా తీసేసింది. ఇప్పుడు తీగ మీద వెళ్లేది 404 ఒక్కటే. మాట చెప్పాలనుకుంటే జవాబు లోపల, అంటే బాడీలో రాసుకోవాలి. మనకు అదే మేలయింది. పాత పద్ధతిలో ఆ మాట ఉన్న తొలి వరుసలో తెలుగు అక్షరాలకు చోటే లేదు. బాడీలో ఏ లిపైనా పడుతుంది.

బ్రౌజర్ మీ భాష గురించి ముందే చెబుతుంది

మీరు ఏ సైటు తెరిచినా మీ బ్రౌజర్ మీకు చెప్పకుండా ఒక చీటీ పంపుతుంది. దాని పేరు యాక్సెప్ట్-లాంగ్వేజ్. ‘భారతదేశపు తెలుగు ముందు; మామూలు తెలుగైతే 0.9, అదీ లేకపోతే ఇంగ్లీషు, 0.8’ అని మార్కులు వేసి మరీ పంపుతుంది. మార్కులు 0 నుంచి 1 వరకు. ఏమీ వేయకపోతే 1 అని లెక్క. జవాబులో సర్వర్ ‘నేను వాడింది ఫలానా భాష’ అని కంటెంట్-లాంగ్వేజ్ అనే ఎదురు చీటీ పెట్టొచ్చు. ఇదంతా 1990ల నుంచి ఉంది. ఇప్పుడు చెల్లుబాటులో ఉన్న రూపం 2022 జూన్‌లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 9110లో ఉంది.

చిక్కు ఎక్కడంటే, తెలుగు తప్ప మరో భాష చదవని వాళ్ల ఫోన్లూ చాలావరకు ఇంగ్లీషు సెట్టింగులోనే ఉంటాయి. కొట్టువాడు ఎలా సెట్ చేసిస్తే అలాగే. అప్పుడు ఆ చీటీ ‘ఈయనకు ఇంగ్లీషు’ అని అబద్ధం చెబుతుంది. కాబట్టి చీటీని నమ్మండి గానీ, దాని మీదే ఆధారపడొద్దు. భాష మార్చుకునే బటన్ తెర మీద కనిపించేలా పెట్టాలి, ఒకసారి ఎంచుకున్నాక దాన్నే గుర్తుంచుకోవాలి. ఇంకో జాగ్రత్త ఉంది. మధ్యలో ఉండి జవాబుల నకళ్లు దాచుకునే క్యాష్ సర్వర్లకు ‘ఈ జవాబు భాషను బట్టి మారుతుంది’ అని వేరీ అనే మరో చీటీ, అంటే హెడర్‌తో చెప్పకపోతే, మహబూబాబాద్ మనిషి కోసం వండిన తెలుగు ఎర్రర్ నాగపూర్ మనిషికి వెళ్లి కూర్చుంటుంది.

తెలుగులో ‘కుదరదు’ అనే ఏపీఐ ఒకటుంది

అడిగితే ఎర్రర్‌ను తెలుగులో చెప్పేలా కట్టిన ఏపీఐ ఏదని వెతుక్కుంటూ దూరం పోనక్కర్లేదు. తెలుగు వికీపీడియా ఉంది కదా! వెన్న నాగార్జున చొరవతో 2003 డిసెంబర్‌లో పుట్టిన ఆ వికీని చదివేవాళ్లలో చాలామందికి దాని వెనక ఒక ఏపీఐ ఉందని తెలియదు. పేజీల్లో మార్పులు చేసే బాట్‌లూ మొబైల్ యాప్‌లూ దాని ద్వారానే పనిచేస్తాయి.

వికీపీడియాను నడిపించే సాఫ్ట్‌వేర్ పేరు మీడియావికీ. 2017లో వచ్చిన దాని 1.29 వెర్షన్‌కు ముందు ఆ ఏపీఐ ఎర్రర్‌లన్నీ ఇంగ్లీషే. ఆ వెర్షన్ నుంచి రెండు కొత్త మీటలు వచ్చాయి. ఎర్రర్‌ఫార్మాట్ అనే మీటతో ఎర్రర్ ఏ రూపంలో కావాలో చెప్పొచ్చు. ఎర్రర్‌లాంగ్ అనే మీటతో ఏ భాషలో కావాలో చెప్పొచ్చు. తెలుగు అంటే తెలుగు. ఆ సందేశానికి ఇంకా ఎవరూ తెలుగు చేయకపోతే ఇంగ్లీషు. పాలకుర్తి పేజీ కోసం అడిగి పేరులో ఒక అక్షరం తప్పు కొట్టారనుకోండి, జవాబులో ‘మిస్సింగ్‌టైటిల్’ అనే కోడ్ ఎప్పుడూ అదే రూపంలో ఉంటుంది. దాని పక్క వాక్యం మాత్రం మీరడిగిన భాషను బట్టి మారుతుంది. బాట్ కోడ్ చూసుకుంటుంది, మనిషి వాక్యం చదువుకుంటాడు.

అసలు నాకు ముచ్చటేసేది ‘రా’ అనే ఫార్మాట్. అది అడిగితే వాక్యం అసలు రాదు. సందేశం పేరు, అందులో పూరించాల్సిన విలువలు మాత్రమే వస్తాయి. తెలుగు చేసుకోవడం మీ ఇష్టం. ఏటీఎం 51 లాంటిదే, కాస్త చదువుకున్న 51.

పాత పద్ధతినీ తీసేయలేదు. ఏ మీటా తిప్పకుండా అడిగితే ఇప్పటికీ 1.29కు ముందు రూపమే వస్తుంది. ఏనాడో రాసిన బాట్ ఇంగ్లీషు వాక్యాన్ని వెతుక్కుంటూ బతుకుతుండొచ్చు, దాని పొట్ట కొట్టడమెందుకని! కొత్త భాష చేర్చేటప్పుడు ఈ మర్యాద చాలామంది మరిచిపోతారు.

ఆ వాక్యాలను తెలుగు చేసేది ఏ కంపెనీ ఉద్యోగులో కాదు. ఫిన్లాండ్‌కు చెందిన నిక్లాస్ లాక్స్‌ట్రోమ్ మొదలుపెట్టిన ట్రాన్స్‌లేట్‌వికీ అనే సైటులో ఎవరైనా ఖాతా తెరిచి చేయొచ్చు. అక్కడ ప్రతి సందేశానికీ ‘ఇది ఎక్కడ కనిపిస్తుంది, ఇందులో ఒకటో నంబరు దేనికి’ అని అనువాదకుడికి ఒక వివరణ ఉంటుంది. ఆ వివరణకూ ఒక భాషా కోడ్ ఇచ్చారు: క్యూక్యూక్యూ. క్యూక్యూఎక్స్ అని ఇంకొకటుంది. వికీ పేజీని ఆ ‘భాష’లో తెరిస్తే తెర మీద మాటలన్నీ మాయమై సందేశాల పేర్లు బయటపడతాయి. ఏ మాట ఎక్కడి నుంచి వస్తోందో పట్టుకోవడానికి అంతకంటే తేలిక దారి లేదు.

ఒకే తప్పుకు రెండు వాక్యాలు

ప్రభుత్వ సేవల కేంద్రంలో కౌంటర్ అవతల ఆపరేటర్, ఇవతల దరఖాస్తుదారు. తెర మీద తప్పు ఒకటే, చదవాల్సిన వాళ్లు ఇద్దరు. ‘సెషన్ గడువు తీరింది, మళ్లీ లాగిన్ అవ్వండి’ అన్నది ఆపరేటర్‌కు. ‘మీ కాగితాలు ఎక్కడికీ పోలేదు, రెండు నిమిషాలు ఆగండి’ అన్నది పెద్దాయనకు. గూగుల్ తన ఏపీఐలలో దీన్ని ఖరాఖండీగా విడదీసింది. ఎర్రర్‌లోని ‘మెసేజ్’ ప్రోగ్రామర్ కోసం, ఇంగ్లీషులో. వాడేవాళ్ల కోసం ‘లోకలైజ్డ్ మెసేజ్’ అనే వేరే పెట్టె, అందులో భాష పేరు, ఆ భాషలో వాక్యం. అందరూ వాడుకోగల ప్రమాణం కూడా ఒకటుంది. 2016లో మార్క్ నాటింగ్‌హామ్, ఎరిక్ వైల్డ్ రాయగా, 2023 జూలైలో అది ఆర్‌ఎఫ్‌సీ 9457గా కొత్త రూపు దిద్దుకుంది. అందులో ‘టైప్’ అనే గుర్తు ఎన్నడూ మారకూడదు. ‘టైటిల్’ కూడా ఒక తప్పుకు ఒకటే ఉండాలి, భాష మారినప్పుడు తప్ప.

తెలుగు చేస్తే సరిపోదు

ఉపాధి హామీ కూలి డబ్బు ఆగిపోయినప్పుడు కంప్యూటర్లో కారణం అని ఒక మాట కనిపించేది: ‘ఇనాక్టివ్ ఆధార్’. చదివినవాళ్లు ఏమనుకుంటారు? ఆధార్ కార్డుకే ఏదో అయిందని. ఆధార్ కేంద్రానికి పరిగెత్తుతారు. అక్కడివాళ్లు చూసి ‘అంతా బాగానే ఉంది’ అని పంపేస్తారు. నిజానికి ఆ మాటకూ ఆధార్ పనిచేయకపోవడానికీ సంబంధం లేదు. ఏ ఆధార్ నంబరు డబ్బు ఏ బ్యాంకుకు వెళ్లాలో చెప్పే పట్టిక ఎన్‌పీసీఐ దగ్గర ఉంటుంది. ఆ పట్టికలో లంకె తెగితే వచ్చే కబురది. లిబ్‌టెక్ ఇండియా వంటి పరిశోధక బృందాలు ఈ గందరగోళాన్ని ఎప్పటి నుంచో ఎత్తిచూపుతూ వచ్చాయి.

ఇప్పుడు దీన్ని ‘మీ ఆధార్ పనిచేయడం లేదు’ అని తెలుగులో పెట్టామనుకోండి. మనిషి ఇంకా నమ్మకంగా తప్పుదారి పడతాడు, ఈసారి సొంత భాషలో! ఉండాల్సిన మాట వేరు: ‘మీ ఆధార్ బాగానే ఉంది. కూలి ఏ ఖాతాలో వేయాలో తెలిపే లింకు తెగింది. పాస్‌బుక్కు, ఆధార్ కార్డు తీసుకుని మీ బ్యాంకుకు వెళ్లి ఖాతాకు ఆధార్ మళ్లీ కలపమని అడగండి.’ పొడుగైతే అయింది. ఒక పూట కూలి, ఒక బస్సు చార్జీ మిగులుతుంది.

రేషన్ షాపులో ఈపాస్ మెషీన్ సంగతీ అంతే. వేలిముద్ర కుదరకపోతే ఆధార్ సర్వర్ ఇచ్చే కోడ్ 300. అసలు ఆ మనిషి వేలిముద్రలే ఆధార్ లెక్కల్లో లేకపోతే 811. నంబరే తప్పయితే 998. ఆధార్‌ను నడిపే యూఐడీఏఐ తన పట్టికలో కోడ్ పక్కనే వాడేవాళ్లకు ఏం చెప్పాలో కూడా సూచించింది. 300కు వేలిముద్ర మళ్లీ ఇవ్వమని చెప్పాలి. కేసముద్రం వైపు సీజనంతా మిర్చి ఏరిన ఆడకూతురు బొటనవేలు చీరకొంగుకు తుడిచి మళ్లీ పెడుతుంది. పడదు. ఇంకోవేలు పెడుతుంది. పడదు. ఆమెకు 300కూ 811కూ తేడా తెలియడం చాలా అవసరం. మొదటిదానికి ఇంకో వేలు చూడాలి, లేదా కంటిపాప. రెండోదానికి ఎన్ని వేళ్లు పెట్టినా లాభం లేదు. రెండింటికీ ‘ధృవీకరణ విఫలమైంది’ అని ఒకే మాట పెట్టే మెషీన్ ఏ భాషలో చెప్పినా ఏమీ చెప్పనట్టే.

పన్నెండు అక్షరాలు, డెబ్బై మూడు బైట్లు

పైన చెప్పిన ‘మీ ఖాతాలో సరిపడా డబ్బు లేదు’నే మళ్లీ చూడండి. కంటికి పన్నెండు అక్షరాలు. యూనికోడ్‌కు అక్షరాలూ గుణింతపు గుర్తులూ పొల్లూ విడివిడిగా లెక్క కాబట్టి 23, నాలుగు ఖాళీలు కలిపితే 27. యూటీఎఫ్-8లో ప్రతి తెలుగు గుర్తుకూ మూడు బైట్లు, ఖాళీకి ఒకటి, మొత్తం 73. ఇంగ్లీషు అక్షరానికి ఒక్క బైటే.

ఇంగ్లీషు కొలతతో డేటాబేస్‌లో ఆ సందేశానికి 20 గుర్తుల గది కట్టినవాడి పుణ్యాన తెర మీద పడేది ‘మీ ఖాతాలో సరిపడా డబ్’. సరిగ్గా పొల్లు దగ్గర తెగుతుంది, లెక్కపెట్టి చూసుకోండి. బైట్ల లెక్కన కోస్తే ఇంకా ఘోరం, చివర ప్రశ్నార్థకం ఉన్న నల్ల డైమండు మిగులుతుంది. ఎస్సెమ్మెస్‌లోనూ ఇదే తంటా. ఇంగ్లీషైతే ఒక మెసేజ్‌లో 160 పడతాయి, తెలుగుకు 70. ఆ పైన ముక్కలైతే ముక్కకు 67. తెలుగులో పంపితే ఖర్చు ఎక్కువని కొన్ని చోట్ల ఇంగ్లీషు లిపిలో తెలుగు కొట్టి పంపుతుంటారు. ‘మీ ఖాతాలో’ను ఇంగ్లీషు అక్షరాల్లో చదవడం ఎంత కష్టమో అరవై ఏళ్లు దాటినవాళ్లని అడగండి.

భూపాలపల్లికు? భూపాలపల్లికి?

మూడు జిల్లాల పేర్లు ఒక ప్రోగ్రామర్‌ను ఎలా ఇరుకున పెడతాయో చూడండి. ఇంగ్లీషులో ‘ఈ సేవ ఫలానా జిల్లాకు వర్తించదు’ అని ఒక అచ్చు తయారుచేసి, ఖాళీలో పేరు వేస్తే పని అయిపోతుంది. తెలుగులో ఆ ఖాళీ పక్కన ‘కు’ అంటించాడు మనవాడు. జనగామకు, బాగుంది. మహబూబాబాద్‌కు, బాగుంది. భూపాలపల్లికు, ఛీ! ఇకారం చివరుంటే ‘కి’ కావాలి, ‘ను’ కూడా ‘ని’ అవుతుంది. పల్లి, కుర్తి, గుట్టల మధ్య ఇలాంటి పేర్లకేం కొదవ? ములుగు, నర్సంపేటలకు బాధ లేదు, పాలకుర్తికి ఉంది.

ఫిన్నిష్ లాంటి భాషల కోసం మీడియావికీలో విభక్తి మార్చే ఏర్పాటే ఉంది. అంత శ్రమ లేకుండా తప్పించుకునే తెలుగు దారి ఒకటుంది: పేరును ఒంటరిగా వదిలేయడం. ‘మీరు ఎంచుకున్న జిల్లా: భూపాలపల్లి. ఈ సేవ ఈ జిల్లాకు ఇంకా రాలేదు.’ పేరుకు ఏదీ అంటదు, ‘కు’ ఎప్పుడూ ‘జిల్లా’ పక్కనే ఉంటుంది. కాస్త బుద్ధి ఉన్న గుమాస్తా ఫారాల్లో ఎప్పటి నుంచో రాస్తున్న పద్ధతే ఇది.

పేర్లతో ఇంకో పేచీ. 2016 అక్టోబర్ 11న పాత వరంగల్‌ను విడదీసి జిల్లాలు చేసినప్పుడు ప్రభుత్వ రికార్డుల్లో జయశంకర్ భూపాలపల్లి అన్నారు, నోటి మాటలో భూపాలపల్లి. మహబూబాబాద్‌ను చుట్టుపక్కల జనం ఇప్పటికీ మానుకోట అంటారు. జనగామ, జనగాం రెండూ నడుస్తాయి. ‘జిల్లా దొరకలేదు’ అని ఎర్రర్ పెట్టే ముందు ఈ పేర్లన్నీ ఒకే నంబరుకు కట్టేసుకోవాలి.

కనిపించని అక్షరం

‘మహబూబాబాద్‌లో’ అన్న మాటలో ద్‌కూ లోకూ మధ్య కంటికి కనిపించని ఒక గుర్తు ఉంది. దాన్ని తీసేస్తే మాట ‘మహబూబాబాద్లో’ అయిపోతుంది, ల వెళ్లి ద కింద ఒత్తుగా కూర్చుంటుంది. కనిపించని గుర్తులన్నీ చెత్త అనుకుని సర్వర్‌లో ఊడ్చిపారేసే ప్రోగ్రామర్లున్నారు, జిల్లా పేరు పాడైతే దానికి కారణం వాళ్లే.

ఆ గుర్తు ఒకసారి ప్రపంచాన్ని గడగడలాడించింది కూడా. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ను ఆ గుర్తుతో కలిపి పంపితే ఐఫోన్‌లో యాప్‌లు కుప్పకూలాయి. జ, పొల్లు, ఞ, ఆ కనిపించని గుర్తు, ఆపైన దీర్ఘం, అదీ వరుస. ఆ నెల 19న యాపిల్ ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి దాన్ని సరిదిద్దింది. ‘విజ్ఞప్తి’ చేస్తే ఫోన్ పడిపోతుందేమోనని భయపడక్కర్లేదు, మామూలుగా టైపు చేసే జ్ఞ పాపం ఏ పాపమూ ఎరగదు.

‘పేరులో అక్షరాలు మాత్రమే ఉండాలి’

ఫారంలో ‘రాములు’ అని తెలుగులో కొడితే కొన్ని సైట్లు ఇలా మందలిస్తాయి, అదీ తెలుగులోనే. తెలుగు మెసేజ్ పెట్టినవాళ్లు లోపలి తనిఖీని మాత్రం మార్చలేదన్నమాట. యూనికోడ్ లెక్కలో ర, మ, ల అక్షరాలు. దీర్ఘమూ కొమ్ములూ మాత్రం ‘గుర్తుల’ కోవలోకి వస్తాయి. ‘అక్షరాలు తప్ప మరేం వద్దు’ అన్న నియమం పెడితే దాదాపు ఏ తెలుగు పేరూ నెగ్గదు. రమ నెగ్గుతుంది, కమల నెగ్గుతుంది.

సున్నా దగ్గర హిందీ వేరు, తెలుగు వేరు

యూనికోడ్ వాళ్ల సీఎల్‌డీఆర్ పట్టికలో తెలుగుకు 1 మాత్రమే ఏకవచనం, 0 బహువచనం: ‘0 దరఖాస్తులు’. హిందీ, కన్నడాలకు 0 కూడా ఏకవచనంలోనే పడుతుంది. పక్క భాష నియమాన్ని కాపీ కొడితే ‘0 దరఖాస్తు ఉంది’ అని వస్తుంది.

తెలుగు నంబరు ఎంత?

అడిగే చోటును బట్టి ఉంటుంది. వెబ్‌లో టీఈ అనే రెండక్షరాలు. మూడక్షరాల జాబితాలో టీఈఎల్. విండోస్ లోపల 1098. ఇంటర్నెట్ లేని ఫోన్లో బ్యాంకు పని చూసుకునే *99# సేవకైతే డయల్ చేసే అంకెల్లోనే భాష ఉంటుంది: *99# అంటే ఇంగ్లీషు, *99*22# హిందీ, *99*24# తెలుగు. యాక్సెప్ట్-లాంగ్వేజ్ చీటీ పంపే బ్రౌజర్ లేనిచోట వేలే ఆ పని చేస్తుంది. 2014 ఆగస్టు 28న జనధన్ యోజనతో పాటే ఆ సేవను జాతికి అంకితం చేశారు. మరి డబ్బా ఫోన్లో తెలుగు కనిపించొద్దా అంటే, భారత ప్రమాణాల సంస్థ 2016లో ఐఎస్ 16333 మూడో భాగం తెచ్చింది. దాని ప్రకారం ఫోన్ 22 భారతీయ భాషల్లో మెసేజ్ చదివించగలగాలి. రాయడానికి ఇంగ్లీషు, హిందీ కాక ఇంకో భాషైనా ఉండాలి.

తండాలో ఏ భాష?

మహబూబాబాద్ జిల్లా జనంలో మూడో వంతుకు పైగా గిరిజనులు, వారిలో లంబాడీలే ఎక్కువ. ఇంట్లో మాట్లాడేది గోర్ బోలి. భూపాలపల్లి అడవి వైపు, గోదావరి పొడవునా కోయ గూడేలున్నాయి. ఈ భాషలకు వెబ్‌లో చోటు లేదనుకుంటారు గానీ, చీటీలో రాయడానికి కోడ్‌లు ఎప్పుడో సిద్ధంగా ఉన్నాయి. లంబాడీకి ఎల్‌ఎంఎన్, కోయకు కేఎఫ్‌ఎఫ్. గోర్ బోలికి సొంత లిపి లేదు, మన దగ్గర తెలుగు లిపిలో రాసుకుంటారు. దానికీ దారి ఉంది: లిపి పేరు టీఈఎల్‌యూ అని పక్కన చేర్చొచ్చు. ఎల్‌ఎంఎన్, గీత, టీఈఎల్‌యూ అంటే ‘తెలుగు లిపిలో రాసిన లంబాడీ’ అని ప్రపంచంలో ఏ సర్వర్‌కైనా అర్థం కావాల్సిన మాట.

అది దొరక్కపోతే ఎక్కడికి జారాలన్నది అసలు ప్రశ్న. 2006 నాటి ఆర్‌ఎఫ్‌సీ 4647 చెప్పే పద్ధతిలో సర్వర్ తోకలు కత్తిరించుకుంటూ పోతుంది: ముందు లిపి తీసేసి లంబాడీ, అదీ లేకపోతే జాబితాలో తర్వాతి భాష. జాబితాలో ఒక్కటే ఉంటే సర్వర్ తన సొంత భాషకు, అంటే సాధారణంగా ఇంగ్లీషుకు, గెంతేస్తుంది. తండాలోని ఫోన్‌కు అది పనికిరాదు. మీడియావికీలో తుళుకు సందేశం లేకపోతే కన్నడ చూపించేలా కట్టారు. అలాగే లంబాడీ తర్వాత తెలుగు, ఆ తర్వాతే ఇంగ్లీషు అన్న వరుసను యాప్ కట్టేవాళ్లు చేత్తో రాసిపెట్టాలి.

ఉర్దూ సంగతి మరోటి. తెలంగాణలో 2017 నుంచి అది రెండో అధికార భాష, జనగామ, మానుకోట బజార్లలో చదివేవాళ్లున్నారు. కుడి నుంచి ఎడమకు నడిచే ఆ వాక్యం మధ్యలో ఒక దరఖాస్తు నంబరు, అందులో ఇంగ్లీషు అక్షరాలు, గీతలు వచ్చాయంటే ముక్కలు తారుమారై నంబరు తలకిందులుగా కనిపించే ప్రమాదం ఉంది. ఏపీఐ జవాబులు రాయడానికి వాడే జేసన్‌లో వాక్యం దిక్కు చెప్పే చోటు పుట్టుకతో లేదు. అందుకే ప్రతి వాక్యం వెంట దాని భాషనూ దిక్కునూ పంపాలని వెబ్ ప్రమాణాలు రాసే డబ్ల్యూ3సీ వాళ్లు ప్రత్యేకంగా ఒక పత్రమే రాశారు. తెలుగు, ఇంగ్లీషు చూసుకుని ఏపీఐ కట్టినవాళ్లకు ఆ రెండు గడులు గుర్తొచ్చేది ఉర్దూ చేర్చే రోజునే. అప్పటికి యాప్‌లన్నీ పాత రూపానికి అలవాటుపడి ఉంటాయి. మొదటి రోజే పెట్టేస్తే అయ్యే ఖర్చు ఒక్కో ఎర్రర్‌కు కొన్ని బైట్లు.